బోడితలకూ, మోకాలికీ

సామెతలు చెప్పుకుని బ్రతికేవాళ్ళలో నేనొకతెను. పద్ధెనిమిదేళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠం చెబుతున్నాను. సమయానికి తగిన సామెత నోటికి రాకపోతే నాకు ఆ పూట అన్నం సహించదు. అటువంటిదాన్ని, ఒక సామెతను వాడకూడనిచోట వాడి, నెలా పదిహేను రోజులపాటు ఇంటిల్లిపాదినీ ఇక్కట్లపాలు చేశాను. ఆ కథే ఇది. మీ ఇంట్లో ఆడపిల్లలున్నా, ఈమధ్య ఎవరికైనా జ్వరం వచ్చి తగ్గినా, కాస్త ఓపిక చేసుకుని చదవండి.

2024 వినాయక చవితి వెళ్ళిన వారానికి మా ఇంట్లో ఇద్దరం మంచం పట్టాము - నేనూ, మా అమ్మాయీను. దానికి ముందు, నాకు రెండు రోజుల తర్వాత. ఒళ్ళు పెనంలా కాలిపోవడం, మణికట్లూ మోకాళ్ళూ పట్టుకుపోవడం, ఒంటిమీద ఎర్రని దద్దురు. రక్తపరీక్షలో చికున్‌గున్యా అని తేలింది. ఈ పేరు మన తెలుగువాళ్ళకు కొత్తది కాదు. 2006లో దేశమంతటా 13 లక్షల మందికి పైగా దీని వాత పడ్డారు. అప్పుడు నేను కాపురానికి వచ్చిన కొత్త. వీధిలో సగం మంది నడుం వంచి, గోడ పట్టుకుని నడవడం నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉన్నది. ఆ మాటకు అర్థం కూడా అదేనట! 1952లో ఆఫ్రికాలో, అప్పటి టాంగన్యీకాలో ఈ జ్వరాన్ని మొదట గుర్తించినప్పుడు, అక్కడి మకోండే ప్రజల భాషలోనుంచి తీసుకున్న పేరు. 'వంచేసేది' అని. భాష ఏదైనా, జబ్బుకు పేరు పెట్టడంలో జనం పొరపాటు చెయ్యరు.

జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. మోకాళ్ళు మాత్రం ఆరేడు వారాలు వేధించాయి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మెట్లెక్కి క్లాసుకు వెళ్ళడానికి ముసలమ్మలా రెయిలింగు పట్టుకునేది. దీపావళి నాటికి ఇద్దరం కుదుటపడ్డాము. ఒక గండం గడిచిందనుకున్నాము.

కార్తీకమాసం ఆఖరి సోమవారం నవంబరు 25న వచ్చింది. ఆ వేళ తెల్లవారుజామున మా అమ్మాయి తలంటు పోసుకుని, గదిలోనుంచి ఎంతకీ బయటకు రాలేదు. నేను స్నానానికి వెళ్ళేసరికి నీళ్ళు తూము దగ్గర నిలిచిపోయి ఉన్నాయి. వంగి చెయ్యిపెట్టి తీస్తే పిచ్చుకగూడంత వెంట్రుకల ఉండ వచ్చింది.

ఇక్కడినుంచి నా ప్రతాపం మొదలు.

"ఆ షాంపూలు వద్దే, కుంకుడుకాయ వాడవే అంటే విన్నావా? నెత్తిన చుక్క నూనె పెట్టనివ్వవు. అర్ధరాత్రిదాకా ఆ ఫోను ఒకటి!" అని మొదలుపెట్టి పూజ అయ్యేదాకా ఆపలేదు. అది మారు పలకలేదు. తలకు తుండుగుడ్డ చుట్టుకుని కూర్చున్నది.

మా అత్తగారు తులసికోట దగ్గరనుంచి అంతా వింటూనే ఉన్నారు. ఆవిడకు 74 ఏళ్ళు. ఐదో తరగతి చదివారు. "అమ్మాయ్, దాన్నెందుకు తిడతావు? అది జ్వరం జుట్టు. మొన్న వచ్చిన జ్వరానికి ఇప్పుడు ఊడుతోంది" అన్నారు.

"జ్వరం తగ్గి రెండు నెలలు దాటిందండీ. బోడితలకూ మోకాలికీ ముడిపెడతారేమిటి!" అన్నాను.

మంచి సామెతే. మోకాళ్ళ నొప్పుల జ్వరం కనుక చక్కగా అతికిందని లోపల సంతోషించాను కూడా. ఆవిడ ఇంకేమీ అనలేదు. చదువుకున్న కోడలితో వాదం పెట్టుకోవడం ఆవిడకు అలవాటు లేదు. వత్తులు వెలిగించుకున్నారు.

రెండు వారాలు గడిచాయి. డిగ్రీ రెండో సంవత్సరం వాళ్ళకు తిక్కన ఉద్యోగపర్వం చెబుతున్నాను. రాయబారానికి బయలుదేరుతున్న కృష్ణుడికి ద్రౌపది తన కురులు చూపి మొరపెట్టుకునే ఘట్టం. ఆ ఘట్టం వస్తే నేను పుస్తకం చూడను. ఎన్నో ఏళ్ళుగా నోటికి వచ్చినదే. ఆ ఊపులో చెయ్యి నా ముడిమీదికి వెళ్ళింది. తీసేసరికి వేళ్ళమధ్య ఏడెనిమిది వెంట్రుకలు. హాజరుపట్టీమీద ఇంకో నాలుగు. ముందు బెంచీ పిల్లలు చూశారో లేదో తెలియదు. నేను మాత్రం పద్యం మధ్యలో ఆగిపోయాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి దువ్వెన పట్టుకుంటే సంగతి తేలిపోయింది. నాకు ఫోను పిచ్చి లేదు. షాంపూ ముట్టను. వారానికి రెండుసార్లు కొబ్బరినూనె. మరి నాదెందుకు ఊడుతున్నట్టు? మా అమ్మాయిని రెండు వారాలు నిలువునా కాల్చుకు తిన్న నేరాలలో ఒక్కటీ నేను చేయలేదే!

తప్పు ఒప్పుకోవలసింది. ఒప్పుకోలేదు. భయపడ్డాను. భయంలో మనిషికి తప్పు గుర్తుండదు, ఖర్చు గుర్తుంటుంది. ముందు మందుల షాపులో అడిగి ఇద్దరికీ బయోటిన్ బిళ్ళలు కొన్నాను. ఎదురింటివారు చెప్పిన ఉల్లిపాయ రసం, పక్కింటివారు చెప్పిన మందారాకుల ముద్ద, మా పిన్ని పంపిన గుంటగలగరాకు తైలం - వారంలో మూడు రోజులు మూడు రకాల వాసనలు. మావారు కిటికీ పక్కకు మంచం జరుపుకున్నారు. పాపం, ఆయనకు ఈ విషయంలో వోటు హక్కు లేదు. ముప్పైయవ ఏటనుంచే నెత్తి నున్నన.

చివరకు బజారులో రెండో అంతస్తుమీద ఉన్న ఒక జుట్టు క్లినిక్కుకు వెళ్ళాము. అద్దాల తలుపులు, చల్లని గది. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకతె మా అమ్మాయి పాపిట్లో చిన్న కెమెరా పెట్టి, ఎదురుగా టీవీమీద చూపించింది. ఎవరి నెత్తినయినా అంత పెద్దది చేసి చూపిస్తే ఎండిపోయిన చెరువులాగే ఉంటుందని అప్పుడు తోచలేదు. పన్నెండు సిట్టింగులు, చేతినుంచి రక్తం తీసి దాన్ని వడకట్టి నెత్తిన సూదులు పొడవడం, 64,000 రూపాయలు. ఈ వేళే కడితే కొంత తగ్గింపు. "ఆలస్యం చేస్తే కుదుళ్ళు చచ్చిపోతాయండీ" అన్నది. జ్వరం సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. పొదుపు ఖాతాలో అంత లేదు గనుక మర్నాడు వస్తామని చెప్పి బయటపడ్డాము. మెట్లు దిగుతుంటే మా అమ్మాయి, "వద్దులే అమ్మా" అన్నది. అంతకుమించి మాట్లాడలేదు.

ఆ తరువాత వారం అది రెండు రోజులు కాలేజీ మానేసింది. మోకాళ్ళు నొప్పులన్నది. నిజమేననుకున్నాను. రికార్డు పుస్తకానికి అట్ట వేద్దామని దాని ఫిజిక్సు నోటుపుస్తకం తీస్తే ఆఖరి పేజీలో నిలువుగా గీతలు గీసి అంకెలు వేసి ఉన్నాయి. మొదట ఏదో ప్రయోగం లెక్క అనుకున్నాను. ఎడమవైపు తేదీలు, కుడివైపు 143, 168, 151, 190, 212... నవంబరు 25నుంచి ఒక్క రోజు తప్పలేదు. తలంటిన రోజుకు ఎదురుగా చిన్న చుక్క. ఆ రోజుల్లో 270, 285. రెండు వారాలుగా చుక్క లేదు. అంటే తల తడపడమే మానేసింది.

దానికి పదిహేడేళ్ళు. రోజూ రాత్రి అందరూ పడుకున్నాక దిండుమీదవీ, దువ్వెనలోవీ, జాకెట్టుకు అంటుకున్నవీ ఏరి, ఒక్కొక్కటే లెక్కపెట్టి రాసుకున్నది. పక్క గదిలో నేను పేపర్లు దిద్దుకుంటున్నాను. ఆ పుస్తకం పట్టుకుని కూర్చున్నదాన్ని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

2025 జనవరి మొదటి సోమవారంనాడు దాన్ని వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళాను. చర్మవ్యాధుల విభాగం ముందు వరండాలో రెండు గంటలు నిలబడ్డాము. లోపల ఉన్న డాక్టరమ్మకు నా వయస్సే ఉంటుంది. కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని, తల చూడకుండానే ఒక ప్రశ్న వేసింది.

"మూడు నెలల క్రితం ఏమైంది?"

నాకు అర్థం కాలేదు. "ఇప్పుడు కాదమ్మా. దసరాకు ముందు, వినాయక చవితి రోజుల్లో - జ్వరంగానీ, ఆపరేషనుగానీ, ఇంట్లో ఏదైనా దుర్ఘటనగానీ?"

చికున్‌గున్యా అని చెప్పాను. ఆమె మా అమ్మాయి చెయ్యి అందుకుని బొటనవేలి గోరు వెలుతురులో పెట్టి చూసింది. నన్నూ చూడమన్నది. గోటికి అడ్డంగా, నాగలిచాలు పోసినట్టు సన్నని పల్లం. గోరు మొదటినుంచి సుమారు సెంటీమీటరు దూరంలో ఉన్నది. "గోరు నెలకు 3 మిల్లీమీటర్ల వరకు పెరుగుతుంది. వెనక్కు లెక్కవేసుకోండి. జ్వరం వచ్చినప్పుడు గోరు పని ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఆ ఆగిన గుర్తే ఇది" అన్నది. ఈ గీతను 1846లో బో అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడట. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మూడున్నర నెలలుగా మా అమ్మాయి బొటనవేలిమీద తేదీ వేసి ఉన్నది. తల్లినై ఉండి నేను చదవలేదు.

తరువాత ఆమె నెత్తిన నాలుగుచోట్ల యాభై అరవై వెంట్రుకల చొప్పున పట్టుకుని మెల్లగా లాగింది. ఒక్కొక్కచోట ఎనిమిదీ పదీ ఊడి వచ్చాయి. ఐదారుకు మించితే జుట్టు రాలే దశలో ఉన్నట్టు గుర్తట. ఊడిన వెంట్రుక ఒకటి నల్లకాగితంమీద పెట్టి చూపించింది. మొదట్లో తెల్లని గుండుసూది తలంత బుడిపె. "ఇది చూసి కుదురుతోసహా వచ్చేసిందని ఏడుస్తారు. కుదురు లోపలే ఉంది. ఇది వెంట్రుక విశ్రాంతి తీసుకున్నప్పుడు తయారయ్యే ముడి, అంతే."

ఆవిడ చెప్పినదాన్ని నాకు తెలిసిన భాషలోకి మార్చుకున్నాను. మా కాలేజీలో నూరుమంది ఉద్యోగులున్నారనుకోండి. ఏ రోజు చూసినా ఓ పదిమంది సెలవులో ఉంటారు. ఒకళ్ళు వస్తే ఒకళ్ళు వెళతారు గనుక పాఠాలు ఆగవు, ఎవరికీ తెలియదు. తలమీద సుమారు లక్ష వెంట్రుకలూ ఇదే పద్ధతిలో నడుస్తాయి. ఒక్కొక్క వెంట్రుక రెండునుంచి ఆరు సంవత్సరాలు పెరుగుతుంది. రెండు మూడు వారాలలో పని ముగించుకుంటుంది. మూడు నెలలు కదలకుండా కూర్చుని తరువాత రాలిపోతుంది. అదే కుదుట్లో ఇంకొకటి మొలుస్తుంది. ఈ లెక్కన రోజుకు నూరు వరకు రాలడం మామూలే.

ఇంతలో పెద్ద జ్వరం వచ్చింది. శరీరానికి ప్రాణం నిలబెట్టుకోవడమే పని. వెంట్రుక మొదట్లోని కణాలు ఒంట్లోకెల్లా చురుకుగా విభజన చెందేవాటిలో చేరతాయి. వాటికి ఆ జ్వరపు పోరాటం తగులుతుంది. పెరుగుతూ ఉన్న వెంట్రుకలు కూడా పని మధ్యలో ఆపేసి ఒక్కసారిగా సెలవు చీటీలు పెట్టేస్తాయి. పదిమంది బదులు ముప్పైమంది. కాని సెలవు పెట్టిన రోజున ఎవరూ రాలిపోరు. మూడు నెలల గడువు ఉన్నది కదా! జ్వరం మరిచిపోయి, పండుగ చేసుకుని, హాయిగా ఉన్న రోజున వరసపెట్టి ఊడుతాయి. ఆ గడువే మనల్ని మోసం చేస్తుంది. చేసినదెవరో వెళ్ళిపోయాక, అప్పుడు ఇంట్లో ఉన్న షాంపూమీదా, నీళ్ళమీదా, పిల్లలమీదా నేరం పడుతుంది.

"చాలావరకు కిందనుంచి కొత్తది మొలవడం మొదలయ్యాకే పాతది ఊడి వస్తుంది. ఊడడం అంటే పోవడం కాదు, తిరిగి పనిలోకి రావడం" అన్నది డాక్టరమ్మ. దీనికి వైద్యశాస్త్రంలో టెలోజన్ ఎఫ్లూవియం అని పేరు. 1961లో ఆల్బర్ట్ క్లిగ్మన్ అనే అమెరికా చర్మవైద్యుడు పెట్టినది. నాకు మాత్రం, మా అత్తగారు అన్న 'జ్వరం జుట్టు' అనే మాటకు ఇది సాటి రాదు. రెండు మాటల్లో జబ్బూ ఉన్నది, కారణమూ ఉన్నది.

ఇంటికి వచ్చి ఆవిడతో చెబితే, ఆశ్చర్యపోలేదు. చిన్నప్పుడు ఆవిడకు టైఫాయిడ్ వచ్చిందట. ఆ తరువాత జడంతా పోతే తల్లి గుండు చేయించిందట. టైఫాయిడ్ తర్వాత జుట్టు పోతుందన్నది ఆ కాలంలో ప్రతి ఇంట్లోనూ ఎరిగిన సంగతే. 1918లో లోకాన్ని గడగడలాడించిన ఇన్‌ఫ్లూయెంజా తరువాతా ఇలాగే జరిగింది. అంత దూరం ఎందుకు? 2020లో, 2021లో కరోనా వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు ఎంతమంది ఆడవాళ్ళు దువ్వెనలు చూసుకుని కుమిలిపోయారు! మా స్టాఫ్‌రూములోనే ఇద్దరున్నారు. అప్పుడు నేను వాళ్ళకు కుంకుడుకాయలు సలహా ఇచ్చినట్టు గుర్తు. డెంగ్యూ వచ్చినా అంతే. పెద్ద ఆపరేషన్లు, సరిగా తినకుండా చిక్కిపోవడం కూడా ఇందుకు దారితీస్తాయి. కాన్పు సంగతి సరేసరి. చంటిబిడ్డ తల్లిని గుర్తుపట్టి నవ్వినప్పుడు తల్లి జుట్టు ఊడుతుందని మా అత్తగారు అంటూ ఉంటారు. బిడ్డ అలా నవ్వేదీ ఇంచుమించు మూడో నెలలోనే కదా! లెక్క ఆవిడకు ముందే తెలుసు. పాఠ్యపుస్తకంలో లేదు గనుక నేను చెవిని పెట్టలేదు.

అయితే ఆవిడ చెప్పిందంతా ఒప్పుకోవలసిన పని లేదు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని ఆవిడ పట్టు. డాక్టరమ్మ నవ్వి, "కత్తి చర్మం పైవరకే వెళుతుంది; కుదురుకు ఆ సంగతే తెలియదు. కోసిన చివర మొద్దుగా ఉంటుంది గనుక ముతకగా కనబడుతుంది" అన్నది. దేవుడికి మొక్కుకుంటే తలనీలాలు ఇవ్వండి, మందుగా మాత్రం వద్దు అన్నది. మా అమ్మాయి అప్పుడు మొదటిసారి తలెత్తింది. గుండు భయం దాని మనస్సులో ఎన్నాళ్ళనుంచి ఉన్నదో!

రక్తపరీక్షలు రాసింది - హిమోగ్లోబిన్, ఇనుము నిల్వ, థైరాయిడ్. థైరాయిడ్ పరీక్షకు కొన్ని రోజుల ముందునుంచీ బయోటిన్ బిళ్ళలు ఆపమన్నది. అవి రక్తంలో ఉంటే కొన్ని పరీక్షల అంకెలు తారుమారవుతాయట. జుట్టుకోసం మింగిన బిళ్ళ లేని జబ్బును చూపించగలదన్నమాట! ఇద్దరికీ థైరాయిడ్ బాగానే ఉన్నది. మా అమ్మాయికి హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. అసలు కారణం జ్వరమే అయినా, రక్తం తక్కువగా ఉంటే కొత్త జుట్టు రావడానికి ఆలస్యమవుతుందని ఇనుము బిళ్ళలు ఇచ్చింది. పప్పు, గుడ్డు, ఆకుకూర కడుపునిండా తినమన్నది. ఏ నూనె వాడాలని అడిగాను. "మీకు ఏ వాసన ఇష్టమైతే అది" అన్నది. తల తడిపినందువల్ల జుట్టు పోదు. ఎలాగూ రాలవలసినవి ఆ వేళకు రాలుతాయి. మానేస్తే నాలుగు రోజులవీ ఒక్కరోజు కనబడతాయి, అంతే. ఆ 270, 285ల రహస్యం అదీ.

64,000 రూపాయల సంగతి చెప్పాను. ఆమె క్లినిక్కును ఏమీ అనలేదు. "ఆరు నెలల్లో దానంతట అది వచ్చే జుట్టు. ఈ ఆరు నెలల్లో ఏది చేస్తే దానికి పేరు వస్తుంది" అన్నది.

ఈ మాటమీద నేను చాలా ఆలోచించాను. మా ఎదురింటివారికి ఉల్లిపాయ రసం పనిచేసింది. పక్కింటివారికి మందారాకు పనిచేసింది. మా పిన్నికి గుంటగలగరాకు పనిచేసింది. ఎవరూ అబద్ధమాడలేదు. వాళ్ళు రాసుకున్నారు, జుట్టు వచ్చింది. రాసుకోకపోయినా వచ్చేదని చూపడానికి వాళ్ళకు రెండో తల లేదు కదా! ఆకులతో, నూనెతో పోయేది కొద్ది డబ్బు. పైగా తలకు చలువ. వేలకు వేలు పోసే చోట మాత్రం ఈ ముక్క జ్ఞాపకం పెట్టుకోవాలి.

అన్ని రాలుళ్ళూ ఈ రకం కాదని కూడా డాక్టరమ్మ హెచ్చరించింది. ఈ జ్వరం జుట్టు తలంతటా సమంగా పలచబడుతుంది. సాధారణంగా సగానికి మించి పోదు. రూపాయి బిళ్ళల్లా గుండ్రంగా మచ్చలు పడితే అది పేనుకొరుకుడు. దాని వైద్యం వేరు. నెత్తి ఎర్రబడి మండినా, పొలుసులు లేచినా, మచ్చకట్టినట్టు నున్నబడినా, ఆరు నెలలు దాటినా రాలడం ఆగకపోయినా డాక్టరుకు చూపించవలసిందే. మావారి రకం ఇంకొకటి - తాతలనాటి ఆస్తి. అక్కడ వెంట్రుక వచ్చినప్పుడల్లా మునుపటికంటే సన్నగా వచ్చి, చివరకు రావడం మానేస్తుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

అన్నీ అయ్యాక మా అమ్మాయి చున్నీ చాటునుంచి ఆ నోటుపుస్తకం తీసింది. నేను చూసినట్టు దానికి తెలియదు; అది తెచ్చినట్టు నాకు తెలియదు. డాక్టరమ్మ ఆఖరి పేజీ చూసి కళ్ళద్దాలు దింపుకున్నది. నలభైరెండు రోజుల అంకెలు. బయట వరండా నిండా జనం. అయినా ఆమె కలం తీసి, ఆ అంకెలను చుక్కలు పెట్టి గీత కలిపింది. నవంబరు చివరనుంచి ఎక్కి, డిసెంబరు ఇరవై దగ్గర శిఖరం చూసి, ఆ తరువాత కొంచెం కిందికి వాలుతున్నది. "చూశావా, దిగుతోంది. నువ్వే రాసి నువ్వే చూడలేదు. నా దగ్గరకు ఇంత మంచి లెక్క ఎవరూ తేలేదమ్మా" అన్నది. "ఇక రాయకు. పరీక్షలు మార్చిలో కదా, ఆ పుస్తకంలో ముందు పేజీలు చూసుకో."

ఆమె ఒక్క విషయంలో మాత్రం తీపి మాట చెప్పలేదు. రాలడం ఆగడం వేరు, జడ నిండడం వేరు. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. మా అమ్మాయి జడ అరవై సెంటీమీటర్లు. అంటే ఆ జడ చివరి కొస ఐదేళ్ళనాటిది - అది ఏడో తరగతిలో ఉండగా, కరోనాకు బడులు మూసేసిన రోజుల్లో మొలిచినది. ఇప్పుడు మొలిచే వెంట్రుకలు ఆ కొసను అందుకోవడానికి మళ్ళీ అంత కాలమూ పడుతుంది. ఈలోగా జడ చివర సన్నగా ఎలకతోకలా ఉంటుంది. కావాలంటే కొంత కత్తిరించుకోవచ్చునన్నది. వెంట్రుకతో కొండను లాగమనీ, పోతే వెంట్రుకే కదా అనీ చెప్పిన మహానుభావుడికి ఈ లెక్క తెలిసి ఉండదు.

బస్సులో వస్తూ, "నిన్ను ఊరికే తిట్టానే" అన్నాను. ఇంతకంటె బాగా చెప్పడానికి మాటలు తోచలేదు; ఎం.ఏ. చదివినందుకు ఫలం! అది కిటికీలోనుంచి చూస్తూ, "నాన్నమ్మ ముందే చెప్పింది కదమ్మా" అన్నది. ఆ రాత్రి తలంటుకున్నది. సంక్రాంతికి భుజాలవరకు కత్తిరించుకున్నది. నేను నా ముడిని అలాగే ఉంచుకున్నాను. కాకపోతే అది నిమ్మకాయంత అయింది. అత్తగారు తన పాత సవరం పెట్టెలోనుంచి తీసి ఇచ్చారు. ఆవిడ తన రాలిన జుట్టే ఏళ్ళతరబడి పోగుచేసి కట్టించుకున్నది. ఒక పెళ్ళికి పెట్టుకు వెళ్ళాను కూడా. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనంటారు. లేనమ్మ సంగతి అత్తగార్లు చూసుకుంటారన్నమాట.

ఫిబ్రవరి దాటేసరికి దువ్వెన తేలికపడింది. మార్చిలో అది పరీక్షలు రాసింది. ఉగాదినాడు తలంటుపోసి, ఎండలో కూర్చోబెట్టి దువ్వుతుంటే దాని నుదుటి అంచున, పాపిట పొడుగునా వేలెడేసి వెంట్రుకలు నిక్కబొడుచుకుని నిలబడి ఉన్నాయి. నూనె రాసినా అణగవు. జడలో చేరవు. కొసలు మాత్రం సన్నగా, పసిపిల్లల జుట్టులా ఉన్నాయి. "ఛీ, ముళ్ళపందిలా ఉన్నాను" అని అద్దంముందు అది విసుక్కుంటుంటే, వంటింట్లో నేను వినీ విననట్టు ఊరుకున్నాను. విసుక్కోవడం వచ్చిందంటే ఆరోగ్యం వచ్చినట్టే.

ఆ తరువాత వారం వీధిలో చిక్కువెంట్రుకలు కొనే మనిషి వచ్చాడు. అత్తగారు పెరట్లోనుంచి ఒక గుడ్డసంచీ తెచ్చారు. నవంబరునుంచీ తూము దగ్గరవీ, దువ్వెనలవీ, నేను విసిరేసినవీ, అది లెక్కపెట్టి పారేసినవీ అన్నీ ఉన్నాయి అందులో. రెండు తలల జుట్టు. వాడు సంచీ చేత్తో ఎత్తి చూసి, చిన్న స్టీలు గిన్నె ఇస్తానన్నాడు. ఆవిడ మూత కూడా ఇమ్మన్నారు. పావుగంట బేరం. చివరకు మూత వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో పెరుగు ఆ గిన్నెలోనే తోడు పెడుతున్నాము.